బ్రాకెట్ అతికించే ముందు టేపు పట్టండి

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. పాతపట్నం పక్కనే కాబట్టి మీ పేపరు పొద్దున్నే మా టీ కొట్టుకి వచ్చేస్తుంది. 27 ఏళ్లుగా బండ్ల కింద పడుకుని వెల్డింగ్ చేస్తున్నాను. పిల్లల్ని స్కూళ్లకి తిప్పే వ్యాన్ల గురించి రాస్తున్నాను, దయచేసి వేయండి.

పోయిన నెల నా దగ్గరికి ఒక మారుతి ఓమ్ని వ్యాను వచ్చింది. డ్రైవరు నాకు వరసకి తమ్ముడవుతాడు. "అన్నా, మూడు నెలల్లో రెండు టైర్లు అరిగిపోయాయి. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. స్టీరింగ్ పక్కకి తిప్పి పట్టుకుంటే గానీ బండి తిన్నగా పోవట్లేదు" అన్నాడు. వాణ్ణి నడపమని వెనక నిలబడి చూశాను. బండి ముక్కు ఒక దిక్కు, నడక ఇంకో దిక్కు.

టేపు పట్టాను. ఆ బండికి ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 1,840 మిల్లీమీటర్లు ఉండాలి. ఎడమవైపు సరిగ్గానే ఉంది. కుడివైపు 1,828. తేడా 12 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి వెడల్పంత. కానీ వెనక చక్రాలు రెండింటి మధ్య ఉన్నది నాలుగడుగులే కదా! లెక్క వేస్తే ఆ చక్రాలు 100 మీటర్లు దొర్లేసరికి ఒక మీటరు పక్కకి పోవాలని చూస్తాయి. స్టీరింగ్ పట్టి ఆపుకొస్తున్నాడు మావాడు. వానలో ఆర్. ఉదయగిరి వైపు కొండ మలుపులో సడన్ బ్రేకు పడితే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున ఆ వ్యాను ఎక్కేది ఎనిమిది మంది పిల్లలు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ బండి రెండు రోజులు నీళ్లలో ఉంది. అప్పుడు లోపల పట్టిన తుప్పు ఏళ్ల తరబడి రేకుని తినేసి, వెనక కుడివైపు కమాన్ కట్ట (వెనక ఇరుసుని పట్టి ఉంచే ఉక్కు పట్టీల స్ప్రింగు) ముందు కొసని బాడీకి పట్టుకునే బ్రాకెట్ ఊడింది. దారిలో ఒక షెడ్డులో అతికించారు. వెల్డింగ్‌కి వంక పెట్టలేను, పూస, అంటే అతుకు గీత, బాగానే వేశారు. బ్రాకెట్‌ని మాత్రం కంటి అంచనాతో పెట్టేశారు. కట్ట వెనక కొస షాకిల్ అనే ఊగే లంకె మీద ఊగుతుంది, ముందు కొస కదలదు. ఇరుసు ఎక్కడ నిలబడాలన్నది ఆ ముందు బ్రాకెట్ మీదే ఉంటుంది. అది జరిగాక ముందు చక్రాలకి ఎన్ని అలైన్‌మెంట్లు చేయించినా డబ్బు దండగ.

ఈ పని చేసే కుర్రాళ్లు కూడా మీ పేపరు చదువుతారు కాబట్టి నేను చేసిన తీరు చెబుతాను. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టించాను. పాత అతుకు కోసి, గట్టి ఇనుము తగిలేదాకా తుప్పు రేకంతా తీసేసి కొత్త రేకు వేశాను. చదునైన నేల మీద బండిని స్టాండ్ల మీద సమంగా నిలబెట్టాం. బాడీ కింద కంపెనీ వాళ్లు రెండు వైపులా ఒకేలా వదిలిన రంధ్రాలుంటాయి. వాటి నుంచీ, రెండు బ్రాకెట్ల బోల్టు రంధ్రాల నుంచీ తాపీమేస్త్రీలు వాడే దారం గుండు దించి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాం. ఒక వైపు రంధ్రం గుర్తు నుంచి రెండో వైపు బ్రాకెట్ గుర్తుకి ఐమూలగా కొలిచి, రెండు కొలతలూ కలిసేదాకా కుడి బ్రాకెట్‌ని జరిపాం. వేడికి బ్రాకెట్ చెవులు దగ్గరకి ముడుచుకుంటాయి, అందుకని మధ్యలో కట్ట వెడల్పున పైపు ముక్క పెట్టి బోల్టు బిగించాను.

చాలామంది పని చెడగొట్టుకునేది దీని తర్వాతే. కొలత కుదిరిందని ఒక పక్క నుంచి ఏకబిగిన పూస లాగేస్తారు. వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, బ్రాకెట్‌ని తనవైపు లాక్కుంటుంది. నాలుగు మూలలా టాక్ (పట్టి ఉంచేందుకు చిన్న చుక్క అతుకు) వేసి మళ్లీ టేపు పట్టాలి. నాకు టాక్‌లకే 2 మిల్లీమీటర్లు జరిగింది. గ్రైండ్ చేసి మళ్లీ పెట్టాను. ఆ తర్వాత అంగుళం ఇటు, అంగుళం అటు, మధ్యమధ్య చల్లారనిస్తూ వేశాను. పలచటి రేకుకి రాడ్డుతో చేసే ఆర్క్ కన్నా వైరు, గ్యాసుతో చేసే సీఓటూ వెల్డింగే మేలు, ఆర్క్‌కి తొందరగా కన్నాలు పడతాయి. వెల్డింగ్ మెషీను ఎర్త్ క్లాంపు కమాన్ కట్టకి తగిలించవద్దు. పొరపాటున రాడ్డు కట్టకి అంటుకుని ఆర్క్ కొట్టినా ఆ చోట ఉక్కు పెళుసై, ఒక రోజు అక్కడే విరగొచ్చు. కట్ట కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులు బండి చక్రాల మీదకి దిగాకే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి పాడవుతుంది.

రోజున్నర పట్టింది. చివరికి ఒకవైపు 1,840, ఇంకోవైపు 1,839 వచ్చింది.

ఆ షెడ్డు కుర్రాణ్ణి తిట్టాలని రాయడం లేదు. ఐటీఐలో వెల్డరు కోర్సు ఏడాది, మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లు. మెకానిక్ కట్ట విప్పి బయటికి వస్తాడు, వెల్డరు కిందకి దూరతాడు. కొలవడం తన పని అని ఇద్దరిలో ఎవరూ అనుకోరు. వెల్డరు కోర్సు పిల్లలకి ఒక పది రోజులు టేపు, దారం గుండు ఇచ్చి బండి కింద ఈ పని నేర్పించాలని రెండు రాష్ట్రాల ఐటీఐ పెద్దలను కోరుతున్నాను. మా ఊళ్లో పిలిస్తే నేనే వచ్చి చూపిస్తాను, డబ్బులు వద్దు.

ఫిట్‌నెస్ తనిఖీ చేసే అధికారులకూ ఒక మనవి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది, రోడ్డు మీదున్నవన్నీ పాతబడ్డవే. లైట్లు, బ్రేకులు చూసేటప్పుడే రెండు వైపులా చక్రం నుంచి చక్రానికి కొలిచి ఆ అంకెలు కాగితం మీద రాయండి. ఐదు నిమిషాల పని.

ఈలోగా, వెనక కమాన్ కట్ట బ్రాకెట్ అతికించిన వ్యాను నడిపేవాళ్లు చదునైన చోట బండి ఆపి, ముందు చక్రాలు తిన్నగా పెట్టి రెండు వైపులా కొలుచుకోండి. నాలుగైదు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పిల్లల్ని ఎక్కించకండి. టేపుతో కొలిచి పని చేసే మనిషి దగ్గరికే తీసుకెళ్లండి.

ఇట్లు,
ఒక వెల్డరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా