ఉద్దానంలో ఏళ్ల తరబడి సాగే పరిశోధన కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను సోంపేటలో ఓ చిన్న ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌ని. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఇదీ అని కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. ఇక్కడి కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చేవాళ్లకి రక్తం తీసి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె) చూడటమే నా రోజువారీ పని. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ కేజీహెచ్‌కి పరుగెత్తడమే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైనప్పుడు మా వాళ్లు ఎంత సంబరపడ్డారో కళ్లారా చూశాను. ఆసుపత్రి గురించి తరచూ వార్తలొస్తాయి. పరిశోధన మాట ఎత్తేవాళ్లే కనిపించడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా దగ్గర పరీక్షలకి కొదవ లేదు. దేశ విదేశాల నుంచి బృందాలు వచ్చాయి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. కానీ చాలా బృందాలు ఒకసారి వస్తాయి, శాంపిళ్లు పట్టుకెళ్తాయి, మళ్లీ కనపడవు. ఆమధ్య ఓ బృందం మా పక్క ఊరి బడి వరండాలో బల్లలేసి రక్తం, మూత్రం, బోరునీళ్లు తీసుకెళ్లింది. ఆ రిపోర్టులు ఇంతవరకు ఊరికి చేరలేదు. తర్వాత కొన్నాళ్లకి ఆ ఊరి పెద్దాయన మా ల్యాబుకొచ్చాడు. పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. నేను రబ్బరు పట్టీ బిగిస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కుని, "మళ్లీ రక్తమేటమ్మా? మొన్న తీసిందేటయిందో ముందు చెప్పు" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది.

ఈ జబ్బుకి ఒక్కసారి చేసే పరీక్ష చాలదు. షుగరు, బీపీ వల్ల కిడ్నీ పాడైతే సాధారణంగా మూత్రంలో ప్రొటీన్ పడుతుంది, ముందే అనుమానం వస్తుంది. ఉద్దానం రోగుల్లో చాలామందికి అదీ ఉండదు. కాళ్లు వాచవు, నొప్పి ఉండదు, మనిషి కొబ్బరి దింపుల పనికి మామూలుగానే వెళ్తుంటాడు. క్రియాటినిన్ పెరిగినట్టు కనపడేసరికి కిడ్నీలు సగం పైగా పని మానేసి ఉంటాయి. క్రియాటినిన్ కండ నుంచి వచ్చేది కాబట్టి ఆ అంకె కూడా అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. కండపుష్టి ఉన్న కుర్రాడికి 1.2 మామూలే. బక్కపలచటి అరవై ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 వస్తే నాకు గుండె జారిపోతుంది. అలాంటివాళ్లకి కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి పరీక్ష చెయ్యాలి. అది ఖరీదైనది, మా బోటి ల్యాబుల్లో దొరకదు.

అందుకని నేను అడిగేది ఒకటే. జబ్బు పడ్డవాళ్లనే కాదు, ఇంకా బాగున్న ఇరవై ఏళ్ల పిల్లల్ని కొన్ని ఊళ్లలో పేర్లు రాసుకుని, ఏటేటా వాళ్లనే పరీక్షించాలి. పదేళ్లో పదిహేనేళ్లో పట్టనివ్వండి. ఎవరి కిడ్నీ ఎప్పుడు తగ్గడం మొదలైందో, అప్పుడు ఏం నీళ్లు తాగుతున్నారో, ఏ ఎండలో పనిచేస్తున్నారో, పొలంలో ఏ పురుగుమందు కొడుతున్నారో, ఒళ్లునొప్పులకి ఏ మాత్రలు మింగుతున్నారో పక్కపక్కన రాసి పెట్టుకుంటేనే కారణం దొరుకుతుంది. నీళ్లలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, వేడి అన్నారు, వంశపారంపర్యం అన్నారు. రోగం ముదిరాక చేసే పరీక్షతో వీటిలో ఏది ముందు వచ్చిందో చెప్పలేం.

వలస వెళ్లినవాళ్లని వదిలేయకూడదు. మా ఊళ్ల నుంచి హైదరాబాద్, చెన్నై, ముంబై, అండమాన్‌ దాకా పనులకి పోతారు. అన్న ఇక్కడే ఉండి తమ్ముడు పదిహేనో ఏట వెళ్లిపోయిన ఇళ్లు కోకొల్లలు. రక్తం ఒకటే, నీళ్లు వేరు. ఇంతకంటే మంచి పోలిక ఎక్కడ దొరుకుతుంది? సంక్రాంతికి అందరూ ఊళ్లోనే ఉంటారు, శిబిరం అప్పుడు పెట్టొచ్చు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు కదా, ఆ నీళ్లు తాగుతున్న ఇళ్లలో జబ్బు నెమ్మదించిందా లేదా అన్నది కూడా ఇప్పుడే కొలవాలి. ఇంకా ఆలస్యమైతే ఎవరు ఎప్పటిదాకా బోరునీళ్లు తాగారో ఎవరికీ గుర్తుండదు.

నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే. అక్కడ పనివాళ్లని సీజను పొడుగునా పరీక్షిస్తూ, నీళ్లు, నీడ, విశ్రాంతి ఇచ్చి చూస్తే కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని తేలింది. పూర్తి కారణం దొరక్కముందే వాళ్లకి మేలు జరిగింది. మన జీడి ఫ్యాక్టరీల్లో, కొబ్బరి తోటల్లో అలా చేసి చూడటానికి పెద్ద ఖర్చేం కాదు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కూడా ఇదే గోస. వాళ్లనీ ఈ లెక్కలో చేర్చాలి.

ఏ బృందమైనా శాంపిల్ తీసుకునే రోజే, రిపోర్టు ఏ తేదీకి ఎవరి చేతికిస్తారో తెలుగులో రాసిచ్చి తీరాలన్న నిబంధన ప్రభుత్వం పెట్టాలి. పలాస కేంద్రం వాళ్లు సరేనంటే మా ల్యాబులో ఉన్న పాత క్రియాటినిన్ రిజిస్టర్లు, రోగుల అనుమతి తీసుకుని, అప్పగించడానికి మా యజమాని ఒప్పుకున్నారు. వచ్చి తీసుకెళ్లమని మనవి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా