డాలర్ పెట్టినా ఫార్ములా చెడింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో అప్పుడప్పుడు ఎక్సెల్ చిట్కాలు వేస్తుంటారు కదా, వాటిల్లో గానీ బయట కోచింగుల్లో గానీ అందరూ చెప్పే మాట ఒకటుంది, ఫార్ములాలో రాసిన గడి చిరునామా కదలకూడదంటే ఎఫ్4 నొక్కి దానికి డాలర్ గుర్తు ($) పెట్టెయ్యండి అని. అది సగమే నిజమండీ. ఫార్ములాని కిందికి లాగి కాపీ చేసేటప్పుడే డాలర్ పని చేస్తుంది, వరసనే డిలీట్ చేస్తే అది ఉన్నా లేకపోయినా ఒకటే.

మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు నేనే రాస్తా. జమ, ఖర్చు, నిల్వ. పై వరస నిల్వకి ఈ వరస జమ కలిపి ఖర్చు తీసెయ్యడం, అందరూ రాసే ఫార్ములానే. మీటింగ్ ముందు రోజు రాత్రి చూసుకుంటే లిఫ్ట్ కరెంటు బిల్లు రెండుసార్లు ఎక్కించేశా, ఒకటి తీసేద్దామని రైట్ క్లిక్ కొట్టి వరస డిలీట్ చేసి, కిందికి చూడకుండానే సేవ్ కొట్టి ఫైల్ మూసేశా. పొద్దున తెరిస్తే అక్కణ్ణించి కింద దాకా నిల్వ కాలమంతా హ్యాష్ రెఫ్, హ్యాష్ రెఫ్! (#REF!, అంటే ఫార్ములా చూసే గడి ఇప్పుడు లేదని ఎక్సెల్ చూపే తప్పు.) చేసింది వెనక్కి తియ్యడానికి కంట్రోల్ జెడ్ కొడదామన్నా ఫైల్ మూసేశాక ఇంకెక్కడిది. మా సెక్రటరీ గారైతే కాయితం పుస్తకమే నయం అన్నారు, నాకూ ఆ పూటకి అలాగే అనిపించింది లెండి.

ఒక్క గడి పోతే దాని కింది గడికి చూసుకోడానికి ఏమీ ఉండదు, దాన్ని నమ్ముకున్న కిందిదీ అంతే. వరస తియ్యకుండా ఆ ఖర్చు అంకె ఒక్కటే చెరిపుంటే ఏ గొడవా లేదు.

ఇప్పుడు నిల్వకి పై వరసని అడగడం మానేశా. హెడ్డింగ్ గడి నుంచి ఈ వరస దాకా జమలన్నీ సమ్‌తో కూడి, ఖర్చులన్నీ అలాగే కూడి తీసేస్తున్నా, హెడ్డింగులో ఉన్న అక్షరాల్ని సమ్ ఎలాగూ లెక్కలోకి తీసుకోదు. కాపీ చేసేటప్పుడు హెడ్డింగ్ గడి కదలకుండా డాలర్ పెట్టేది ఇక్కడే. మధ్యలో ఏ వరస తీసినా నిల్వ సరిగ్గా వస్తోంది.

ఎన్ని వరసలు తీసినా ఎప్పుడూ 5వ వరసనే చూడాలి అనుకుంటే ఇండెక్స్ ఫంక్షన్‌కి కాలం మొత్తం ఇచ్చి 5 అని రాస్తే చాలు. ఇండైరెక్ట్ ఫంక్షన్ కూడా ఆ పని చేస్తుంది గానీ అందులో చిరునామా ఉత్త అక్షరాలే కాబట్టి వేరే షీట్ పేరు రాసుకుని ఉంటే, ఆ షీట్ పేరు మార్చగానే మళ్లీ రెఫ్ వస్తుంది. ఈసారి డాలర్ చిట్కా వేసేటప్పుడు కాపీకి మాత్రమే అని ఒక్క ముక్క కలపండి.

- ఒక అపార్ట్‌మెంట్ ట్రెజరర్, కాకినాడ