ల్యాబ్ వివరాలు ఎవరికి ఇవ్వొచ్చో కాగితం మీద రాసివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

జిల్లా స్థాయి ప్రభుత్వ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లకు పైగా టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి పేపర్లలో, టీవీల్లో వచ్చేదంతా బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, యాప్‌ల చుట్టూనే తిరుగుతోంది. రక్తపరీక్షల సంగతి ఎవరూ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

మనిషి వివరాలు మామూలుగా అతని అనుమతితోనే వాడాలనే ఈ చట్టం 2023లో వచ్చింది. నిబంధనల ముసాయిదాను 2025 జనవరిలో జనం ముందు పెట్టి నవంబరులో ఖరారు చేశారు. అసలు బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో మొదలవుతాయి. డేటాను సరిగా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఆ అంకె వింటే చిన్న ల్యాబ్ ఓనరు ఏం చేస్తాడు? ఎవరికీ ఏమీ ఇవ్వకుండా కూర్చుంటాడు. ఊహించి రాయడం లేదు. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేస్తున్న కుర్రాడు మొన్న ఫోన్ చేసి, "పాజిటివ్‌ల పేర్లు, ఊళ్లు ఇకమీదట ఎవరికీ పంపొద్దన్నారండీ మా సార్, పేషెంటు సంతకం ఉంటేనే అంటున్నారు" అన్నాడు.

ఆ వివరాలు ఆగిపోతే ఏమవుతుందో నేను చూసిందే చెబుతాను. వానాకాలంలో పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లు ఐస్‌ప్యాకుల మధ్య వ్యాక్సిన్ క్యారియర్లలో వచ్చేవి. ట్యూబుకు చుట్టిన ప్లాస్టరు తడిసి పేరు చెదిరిపోయేది, ఏఎన్ఎం అమ్మాయి పెట్టి పంపిన చీటీ చూసుకుని రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లం. ఒక రోజు డెంగీని పట్టే ఎలీసా రక్తపరీక్ష రీడింగులు రాస్తుంటే నాలుగు పాజిటివ్‌లు ఒకే కాలనీవి తగిలాయి, అందులో రెండు పక్కపక్క ఇళ్లు. ఆ నలుగురూ వేరు వేరు డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లు కాబట్టి ఏ డాక్టరుకూ తన పేషెంటు తప్ప మిగతా ముగ్గురి సంగతి తెలిసే వీలు లేదు, రిజిస్టర్‌లో ఊరి గడి కిందికి వేలు జరుపుకుంటూ పోతేనే బయటపడింది. వెంటనే దోమల పని చూసే మలేరియా ఆఫీసుకు చెప్పాం. సాయంత్రం వాళ్లు వెళ్లి చూస్తే సగంలో ఆపేసిన ఇంటి సంపులో నీళ్లు నిలిచి దోమ లార్వా గిలగిల కదులుతోంది.

ఇప్పుడు చట్టం ఏమంటోంది? అంటువ్యాధి ప్రబలినప్పుడు వైద్యం, ఆరోగ్య సేవలు అందించడానికి మనిషి అనుమతి లేకపోయినా వివరాలు వాడుకోవచ్చని ఏడో సెక్షన్‌లో ఉంది. మంచిదే. కానీ నేను ఆ నాలుగు పేర్లు చూసిన పూట అక్కడ అంటువ్యాధి ఉందని ఎవరూ ప్రకటించలేదు, ప్రకటించేంత వరకూ ఆగితే ఇక ల్యాబ్ ఎందుకు? అదే సెక్షన్‌లో ఇంకో దారి ఉంది, వేరే చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన సమాచారమైతే ఇవ్వొచ్చు. క్షయకు ఇబ్బంది లేదు, 2012 నుంచి అది తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు, ప్రైవేటు వాళ్లు కూడా క్షయ కేసులు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించాల్సిందే. మిగతా జబ్బుల్లో ఏది ఏ ఉత్తర్వు కిందికి వస్తుందో ల్యాబ్ బల్ల దగ్గర నిలబడ్డవాడికి తెలిసేలా ఒక్క కాగితం అయినా ఉండాలి కదా. జబ్బుల మీద నిఘా కోసం కేంద్రం నడిపే ఐహెచ్ఐపీ పోర్టల్‌లో ల్యాబ్‌ల కోసం ఎల్ ఫారం ఉంది, దాన్ని నింపేది భయపడే మనిషైతే ఆ ఫారం ఖాళీగానే ఉంటుంది.

మా ఏలూరు సంగతే చూడండి. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోయారు, నాలుగైదు రోజుల్లో 500 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ తేల్చింది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలు చూసింది. శాంపిళ్లు ఎన్ని చోట్లకు వెళ్లాయో, వాటితో పాటు వయసు, వీధి, తాగిన నీళ్ల వివరాలు ఎన్ని చేతులు మారాయో ఆలోచించండి. అలాంటి రోజున ప్రతి చేతి దగ్గరా "ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా" అని లాయరును అడుగుతూ కూర్చోలేం.

అలాగని ఈ చట్టం వద్దని కాదు, కావాలి. కోవిడ్ రోజుల్లో మా పేటలో ఒకావిడ పేరు, ఇంటి నంబరుతో సహా పాజిటివ్‌ల లిస్టు ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. ఆవిడకు నెగెటివ్ వచ్చాక కూడా నెల రోజుల పాటు పాలవాడు గుమ్మం దగ్గరకు రాలేదు. ఆ లిస్టు మాలాంటి ఏదో ఆఫీసు నుంచే బయటికి వచ్చి ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఒకే కంప్యూటరు, నలుగురికీ ఒకటే పాస్‌వర్డు, అది కూడా మానిటర్ అంచుకు అంటించిన కాగితం మీద. 2022 నవంబరులో సైబర్ దాడి జరిగితే ఢిల్లీ ఎయిమ్స్ అంతటిదే రోజుల తరబడి పెన్నూ కాగితంతో నడిచింది, జిల్లా ల్యాబ్ ఎంత? డేటా బయటికి పోతే పూర్తి వివరాలు 72 గంటల్లో డేటా రక్షణ బోర్డుకు ఇవ్వాలంటున్నారు. మా దగ్గర డేటా ఎంట్రీ చేసేవాళ్లే చాలరు, ఆ పని ఎవరు చేస్తారు?

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ అడుగుతున్నాను. ఏ జబ్బులు తెలియజేయాలో, ఎవరికి తెలియజేయాలో, పేరు ఎక్కడి వరకూ వెళ్లాలో, ఎక్కడి నుంచి ఊరు, వయసు చాలో చట్టబద్ధమైన ఉత్తర్వులో రాయండి, తెలుగులో రాసి ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ల్యాబ్‌కూ పంపండి. ప్రభుత్వ ల్యాబ్‌లకు మనిషికో లాగిన్, ఆ పని చూసుకునే ఒక ఉద్యోగి, అందుకు సరిపడా డబ్బు ఇవ్వండి. నిబంధనలు 2027 మేలో అమలవుతాయి, జూన్‌లో వానలు మొదలై శాంపిళ్లు వస్తాయి. ఆ కుర్రాడు మళ్లీ ఫోన్ చేసేలోపు ఆ ఉత్తర్వు వాళ్ల ల్యాబ్ గోడ మీద ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ఏలూరు జిల్లా