స్టార్ సేల్స్‌మన్ సంగతి తర్వాత చూద్దాం

హైదరాబాద్

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. వరంగల్‌లో నీ వాటర్ ఫిల్టర్ల వ్యాపారం ఊపందుకుందంటే చాలా సంతోషం వేసింది. కానీ పక్క షాపులో స్టార్ సేల్స్‌మన్‌ని డబుల్ జీతమిచ్చి లాక్కొస్తే అంతా సర్దుకుంటుందని రాశావే, దానికి మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. నీ సేల్స్ వాళ్లకీ, ఫిల్టర్లు బిగించే కుర్రాళ్లకీ మాటలే లేవని నువ్వే రాశావు. అలాంటి చోటికి ఇంకో మొనగాడు వస్తే గొడవ ముదురుతుంది తప్ప తగ్గదురా.

గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో తెలుగు టైటాన్స్ కబడ్డీ మ్యాచ్ చూసేటప్పుడు నా కళ్లు కూతకెళ్లే రైడర్ మీద ఉండవు, అవతలి జట్టు వరస చివర్లో కాపు కాసే కార్నర్ మీద ఉంటాయి. కూతకొచ్చినవాడు బోనస్ లైన్ వైపు కాలు చాపగానే కార్నర్‌లో ఉన్నవాడు మ్యాట్ మీదకి దూకి చీలమండ పట్టేస్తాడు. అదే క్షణంలో వాడికి తోడుగా ఉండే కవర్ డిఫెండర్ వచ్చి నడుము పట్టాలి. రాలేదనుకో, రైడర్ ఆ కార్నర్‌ని ఈడ్చుకుంటూ మధ్య గీత అందుకుంటాడు. పాయింట్ పోతుంది, ధైర్యం చేసి పట్టినవాడే ఔటై బయటికి నడుస్తాడు. కవర్ ఏ తప్పూ చేయనట్టే లోపల నిలబడి ఉంటాడు. నాకు ఎప్పుడూ కడుపు మండేది అక్కడే.

నీ షాపులో జరుగుతున్నదీ ఇదే. సేల్స్ కుర్రాడు 'రేపు పొద్దున్నే బిగించేస్తాం' అని కస్టమర్‌కి మాటిస్తాడు. ఆ మాట సర్వీస్ వాళ్ల చెవిన పడదు. కమీషన్ ఒకడికి, తిట్లు ఇంకొకడికి. అందుకే ఆర్డర్ రాగానే ఇన్సెంటివ్ ఇవ్వడం ఆపెయ్. ఫిల్టర్ బిగించి, నెల రోజులు కంప్లైంట్ లేకుండా నడిచాక ఇద్దరికీ కలిపి ఇవ్వు. సేల్స్ వాళ్లు గోల చేస్తారు, చేయనీ.

అన్నట్టు, డీల్ చెడగొట్టాడని ఒకణ్ని గోడౌన్‌లో లెక్కలకి కూర్చోబెట్టానన్నావు కదా. కబడ్డీలో ఔటైనవాడు బెంచీ మీద ఎంతసేపుంటాడు? తోటివాడు పాయింట్ తెచ్చేదాకానే. అదీ ముందు ఔటైనవాడే ముందు లోపలికి వస్తాడు. వాడికా సంగతి తెలుసు కాబట్టే లేచి అరుస్తూ జట్టుని ఉత్సాహపరుస్తుంటాడు. మరి గోడౌన్‌లో ఉన్న నీవాడికి ఎప్పుడు తిరిగొస్తాడో తెలుసా? ఈ వారమే చెప్పెయ్.

ఇక ఆ స్టార్ సంగతి. మన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి ఇండియా కోచ్. అక్కడ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే పక్కన కూర్చోబెట్టేవాడేమో, రహీం అతన్ని ముందుకి జరిపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి గోల్డ్ తెచ్చారు, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. తన దగ్గరున్నవాడు ఇంకెక్కడ పనికొస్తాడో తెలిసినవాడే అలా చేయగలడు. నీ సర్వీస్ కుర్రాళ్లు రోజూ ఇళ్లలోకి వెళ్తున్నారు, నీళ్ల గురించి జనం అడిగే ప్రశ్నలన్నీ వాళ్లకే తెలుసు. వాళ్లలో మాట తీరున్నవాణ్ని ఒకణ్ని ఆదివారాలు అపార్ట్‌మెంట్లలో అమ్మకానికి పంపి చూడు.

ఒకటి మాత్రం మరచిపోకు. కబడ్డీ మ్యాచ్ 40 నిమిషాల్లో అయిపోతుంది, నీ షాపు రేపు పొద్దున్న మళ్లీ తెరవాలి. మ్యాచ్‌లో లాగా రోజంతా అరిచి పరుగులు పెట్టించకు.

ఆ సేల్స్‌మన్‌కి మాటిచ్చేలోపు ఇన్సెంటివ్ కాగితం నాకు పంపు, కూర్చుని చూస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ మామ