మామునూరు జైలులో మానసిక చికిత్సకూ చోటుండాలి

సంపాదకులకు నమస్కారం.

లైంగిక నేరాలకు శిక్షపడ్డవారికి మానసిక చికిత్స అనగానే ‘వాళ్ళ మీద జాలి ఎందుకు’ అన్న ప్రశ్న మా హనుమకొండలో మిగతా చోట్ల కన్నా గట్టిగానే వినిపిస్తుంది. 2019 జూన్‌లో ఇక్కడ తొమ్మిది నెలల పసికందుకు జరిగిన ఘోరాన్ని మేమెవ్వరం మరువలేదు. ఆ కేసులో కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు తుదిశ్వాస వరకు జైలుగా మార్చింది. ఆనాటి కోపం న్యాయమైనదే. అయితే శిక్షపడ్డవారిలో చాలామంది పదేళ్ళో ఇరవయ్యేళ్ళో గడిపి మన వాడలకే తిరిగివస్తారు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు చెప్తున్నాయి కనుక, వాళ్ళు వచ్చేది కూడా ఆ తెలిసిన గడపల మధ్యకే.

ఇప్పుడు బహుళ అంతస్తుల ఆసుపత్రి లేస్తున్న చోట, 2021 వరకు ఉండిన మా పాత కేంద్ర కారాగారంలో నేను కొంతకాలం ఖైదీలకు చదువు చెప్పాను. జంపఖానాలు నేసి వేళ్ళు కాయలు కాచిన ఒక మనిషి, తాను చెరిచిన పిల్ల తల్లిదండ్రులకు రాసిన క్షమాపణ ఉత్తరాన్ని తప్పులు దిద్దమని నా ముందు పెట్టాడు. రెండు పేజీల్లో ప్రతి వాక్యమూ ‘నేను’తోనో ‘నా’తోనో మొదలైంది: నా తల్లి ఏడుస్తున్నది, నా బతుకు పాడైంది, నన్ను మన్నించండి. ఆ పిల్ల అందులో ఒక్క చోట కూడా లేదు. నేను అక్షరదోషాలు దిద్దకుండా, ఆమె అప్పుడు ఏ తరగతి అని అడిగాను. నాలుగు అన్నాడు. ఇప్పుడు బడికి పోతున్నదా అంటే చాలాసేపు పెన్సిల్ పట్టుకొని కూర్చొని, ‘వాళ్ళు ఊరిడిచిపెట్టి పోయిన్రు సార్’ అన్నాడు. ఎందుకు పోవలసివచ్చిందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు, కానీ ఆ రోజు ఇంకేమీ రాయలేకపోయాడు. అతను మారాడని నేను అనను, అది తేల్చే చదువు నాకు లేదు. ఆ చదువున్న మనిషి ఆ గదిలో ఒక్కరూ లేకపోవడమే నా బాధ.

సహానుభూతిని పాఠంలా వల్లె వేయిస్తే సరిపోదని ఇతర దేశాల అనుభవం చెప్తున్నది. ఇంగ్లండ్, వేల్స్ జైళ్ళలో బాధితుల వేదనను అర్థం చేయించడం కూడా ఒక భాగంగా ఏళ్ళ తరబడి నడిపిన చికిత్సను 2017లో అక్కడి న్యాయశాఖ పరిశీలిస్తే, చికిత్స పొందినవారిలో 10 శాతం, పొందనివారిలో 8 శాతం మళ్ళీ లైంగిక నేరం చేసినట్టు తేలి, ఆ పద్ధతిని మానుకున్నారు. కెనడాలో హాన్సన్, బుస్సియేర్ అనే పరిశోధకులు 1998లో 61 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా, బాధితుల పట్ల సహానుభూతి లేకపోవడానికీ మళ్ళీ నేరం చేయడానికీ సంబంధం కనిపించలేదు. వికృతమైన లైంగికాసక్తే అంతకన్నా బలమైన సూచికగా నిలిచింది. అలాగని సహానుభూతి అక్కరలేదని కాదు. కెనడాకే చెందిన విలియం మార్షల్ అనే మనస్తత్వవేత్త బృందం గమనించింది మరొకటి: చికిత్స చేసేవారే గద్దించకుండా, అవమానించకుండా, ఆదరంగా ఉంటూనే దారి చూపినచోట మార్పు ఎక్కువగా కనిపించింది. తననెవరూ మనిషిగా చూడని చోట నేరస్థుడు అబద్ధాన్నే కవచంగా తొడుక్కుంటాడని నాకనిపిస్తుంది. నేను చూసిన ఆ ఉత్తరం అలాంటిదే.

ఇందులో బాధితురాలి మీద ఏ భారమూ పడకూడదు. ఆమె అతన్ని కలవాలని గాని, మన్నించాలని గాని ఎవరూ అడగరాదు. చికిత్సకు వస్తే శిక్ష తగ్గుతుందన్న ఆశ కూడా పెట్టకూడదు, పెడితే మళ్ళీ కంఠతా పట్టిన పశ్చాత్తాపమే మిగులుతుంది.

ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సాలయం ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తున్నది. వరంగల్ కొత్త కారాగారానికి మామునూరులో స్థలం ఇచ్చారు. అక్కడ బ్యారక్‌లు, ములాఖాత్ గదులతో పాటు శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టులకు శాశ్వత పోస్టులు, తలుపు మూసుకొని మాట్లాడుకోగల ఒక గది, విడుదలయ్యాక కూడా చికిత్స కొనసాగేలా జిల్లా ఆసుపత్రితో ఒప్పందం ఉండాలని జైళ్ళ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హనుమకొండ.