స్కూల్ అడ్మిషన్‌కి టీబీ టెస్ట్: ఈ ఏడాది మన సంఘం పని, వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో మన తెలుగు పేరెంట్స్ సంఘం పండగ ఫంక్షన్లు, లెక్కలు వేరే కాగితంలో పంపాం, అవి ఇక్కడ మళ్ళీ రాయట్లేదు. ఈసారి మన టైమంతా ఒక్క పనికే పోయింది, ఇండియా నుంచి పిల్లలతో వచ్చి స్కూల్లో చేర్పించేవాళ్ళకి టీబీ టెస్ట్ సంగతి అర్థమయ్యేలా చెప్పడం.

ఈ కౌంటీలో 2014 నుంచి ప్రతి పిల్లాడికీ టెస్ట్ అనేది లేదు, డాక్టర్ రిస్క్ ఫారం నింపుతారు, రిస్క్ ఉంటేనే టెస్ట్. ఇండియాలో పుట్టినా, అక్కడ నెల రోజులకి పైన ఉండొచ్చినా రిస్క్ కిందే లెక్క. అంటే ఇక్కడే పుట్టి, సెలవులంతా అమ్మమ్మ దగ్గర గడిపొచ్చిన పిల్లలు కూడా వస్తారు.

ఒక మీటింగ్‌కి ఒకావిడ బాబు చెయ్యి చూపించడానికి వచ్చారు, పాపం ఏడుపు ఒక్కటే తక్కువ, టీబీ స్కిన్ టెస్ట్ సూది వేసిన చోట ముంజెయ్యి రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది. మన సభ్యుల్లో ఉన్న నర్సమ్మ వేలితో తడిమి, ఎరుపు కాదమ్మా, గట్టిగా ఉబ్బిన చోటే స్కేలుతో కొలుస్తారు, కంగారు పడకండి, క్లినిక్‌లో చూపించండి అన్నారు. ఈ స్కిన్ టెస్ట్‌కి 48 నుంచి 72 గంటల మధ్య మళ్ళీ వెళ్ళాలి, గురువారం వేయించుకుంటే ఆ టైం శనాదివారాల్లో పడుతుంది, చాలామంది అక్కడే ఇరుక్కుని మొదటికొచ్చారు.

అసలు మన పిల్లలకి పుట్టగానే టీబీ రాకుండా బీసీజీ టీకా వేస్తారు కదా, దాని వల్ల స్కిన్ టెస్ట్ ఉత్తినే పాజిటివ్ రావచ్చు. క్వాంటిఫెరాన్, టీ-స్పాట్ లాంటి రక్త పరీక్షలకి ఆ బాధ లేదు, ఒక్కసారి వెళ్తే చాలు. 2 ఏళ్ళు నిండిన పిల్లలకి బీసీజీ వేసుంటే రక్త పరీక్షే కావాలని మీరే నోరు తెరిచి అడగండి. తట్టు లాంటివి రాకుండా వేసే ఎమ్ఎమ్ఆర్ టీకా కూడా వేయించాల్సి ఉంటే టెస్ట్, టీకా రెండూ ఒకే రోజు చేయించండి, టీకా ముందే పడితే టెస్ట్ కోసం 4 వారాలు ఆగాలి.

పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది బాగుండి, పిల్లాడికి దగ్గు, జ్వరం లాంటివేమీ లేకపోతే క్రిమి నిద్రలో ఉన్నట్టు, ఇంకొకరికి అంటదు. అది లేవకుండా మందులిస్తారు, రిఫాంపిన్ అనే మందయితే రోజూ 4 నెలలు, లేదంటే వారానికోసారి చొప్పున 12 డోసుల కోర్సు ఉంది. ఈ మాట బంధువులకి తెలిస్తే పరువు పోతుందని దాచుకున్నవాళ్ళని చూశాం, దయచేసి దాచకండి.

మినహాయింపు గురించి కూడా చాలామంది అడిగారు. సొంత నమ్మకం పేరుతో టీకాలు వద్దనే వీలు ఎస్‌బీ 277 అనే కాలిఫోర్నియా చట్టంతో 2016 నుంచి పోయింది. టీబీ టెస్ట్‌ది వేరే చట్టం, కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు మాకు ఇష్టం లేదని అఫిడవిట్ ఇవ్వొచ్చు, కానీ పిల్లాడికి టీబీ ఉందని అనుమానించే కారణం కనిపిస్తే తేలేదాకా స్కూల్‌కి రానివ్వకపోవచ్చు. అడిగినవాళ్ళందరికీ ఈ హక్కు ఉందని చెప్పాం, వాడుకోవద్దనీ చెప్పాం. 5 ఏళ్ళలోపు పిల్లల్లో ఈ జబ్బు మెదడు పొరలదాకా పాకే ప్రమాదం ఉంది, ఒక రక్త పరీక్షతో పోయేదానికి అంత రిస్క్ ఎందుకు.

స్కూల్లో వాలంటీర్‌గా వెళ్ళే పేరెంట్స్‌కి కూడా టీబీ క్లియరెన్స్ అడుగుతారు, ఆ సర్టిఫికెట్ 4 ఏళ్ళు పనిచేస్తుంది, పారేసుకోకండి.

వచ్చే ఏడాది స్కూళ్ళు తెరవకముందే ఫారాలు నింపే క్యాంపు పెడతాం, వచ్చేటప్పుడు పిల్లల టీకా కార్డు, ఇండియా వెళ్ళొచ్చిన తేదీలు పట్టుకురండి.

మీ కార్యదర్శి