జేబులో ఏముందో చూసుకో

చిన్నూ,

నువ్వు ఫోను చేసి పదకొండు రోజులైంది. లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదులే, క్యాలెండరు కంటపడింది. ఇక్కడంతా కులాసా. మీ నాన్న కళ్ళజోడు మళ్ళీ పోగొట్టుకున్నారు, తలమీదే దొరికింది.

మొన్న బుజ్జి వచ్చింది. నీ మంచంమీద పెన్నులాంటిదేదో ఛార్జింగుకి పెట్టి ఉందట, పొగ పీల్చేదట, ఈ-సిగరెట్ అంటారట. దాన్ని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. పాతికేళ్ళవాడివి, నీ ఇష్టం. నేనేమీ అనను. పై పోర్షనువాళ్ళు ఖాళీ చేస్తున్నారు, ఆ సంగతి తర్వాత.

శేషు మామయ్య తొడమీద మచ్చ చూశావుగా. కుక్క కరిచిందని మీకు చెప్పేవాడు. కుక్కా లేదు, నక్కా లేదు. టార్చిలైటు బ్యాటరీ అది. 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. మీ పొగగొట్టాల్లో పెద్దవాటిలో వేసేదీ అదేనట. ఆ రోజు బస్సులో వెళ్తున్నాం. విడి బ్యాటరీ ప్యాంటు జేబులో వేసుకున్నాడు, దానితోపాటే తాళాలగుత్తి, చిల్లర. కాసేపటికి "జేబు వెచ్చగా ఉందే అక్కా" అన్నాడు. ఎండ పడుతోందిలే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంటుంది. రెండు నిమిషాలు కాలేదు, బుస్సుమని పొగ, వెనకే మంట. అంత మొహమాటస్థుడూ నిండు బస్సులో ప్యాంటు విప్పేశాడు. అత్త పేపరు అడ్డం పెట్టింది. ఒంటికి తగిలింది వేడి ఒక్కటే కాదు, లోపలి రసాయనం కూడా అన్నాడు డాక్టరు. మానడానికి నాలుగు నెలలు పట్టింది.

తాళంచెవి బ్యాటరీ రెండు కొసలకీ ఒకేసారి తగిలితే చాలట, కరెంటంతా ఒక్కసారిగా పారి బ్యాటరీ కాగిపోతుంది. పైన చుట్టిన ప్లాస్టిక్ చిరిగినా ప్రమాదమే. ఆ డబ్బా ఒళ్ళంతా మైనస్సు, ప్లస్సేమో పైన ఇంత దూరంలోనే. లోపలి ద్రవం అంటుకునే రకం. ఓ హద్దు దాటాక దాని వేడికి అదే ఇంకా వేడెక్కుతూ పోతుంది, ఇక మన చేతిలో ఉండదు.

ఎక్కడో ఒకటి పేలితే అన్నీ పేలతాయా అంటారు మీ నాన్న. నిజమే. అమెరికా అగ్నిమాపక విభాగం లెక్కకి 2009 నుంచి 2016 దాకా ఈ-సిగరెట్లు పేలడమో అంటుకోవడమో జరిగినవి 195. కానీ వాటిలో 61 జేబులో ఉండగా జరిగినవి, 48 ఛార్జింగులో. నా కళ్ళు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాయి.

అందుకని, మంచంమీద పెట్టకు. దానితో వచ్చిన ఛార్జరే వాడు. నిద్రపోయేముందు తీసెయ్. కిందపడి సొట్టపోయినా, తడిసినా, ఉబ్బినా మళ్ళీ వాడకు. విమానంలో విడి బ్యాటరీలు సూట్‌కేసులో వేసి లోడింగుకి ఇవ్వకు, చేతిసంచిలోనే ఉండాలి. బ్యాటరీ పేలకపోయినా ఆ పొగలో మామూలుగా నికోటిన్ ఉంటుంది, అది పట్టుకుంటే వదలదు, అసలు నీకెందుకురా... చూశావా, లెక్చరివ్వనని ఒట్టు పెట్టుకునే రాయడం మొదలెట్టాను.

బుజ్జి చేతికి మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పంపుతున్నాను, విడి బ్యాటరీలు అందులో పెట్టుకో. అవి లేకపోతే గుండీలు వేసుకో, నీ నీలం చొక్కాకి రెండు ఊడిపోయాయి. కాలర్ దగ్గరది నేను కుట్టాను, రెండోది దొరకలేదు.

ఫోను చెయ్యి. ఛార్జింగులో పెట్టి మాత్రం మాట్లాడకు.

అమ్మ